పన్నెండో గదికి పెట్టిన టిక్కు

1991 ఏప్రిల్ నెల, రెండో గురువారం. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. నా మనసు మీది బరువు ఆ నిమిషంలో మొదలైంది. చేతి గడియారం చూసే రాశాను కాబట్టి నిమిషంతో సహా చెప్పగలను. అంత ఖచ్చితంగా టైము వేసిన మనిషి, దాని పక్కనే చూడనిదాన్ని చూశానని ఎలా రాసింది? 

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు నాకేమీ కారు. అందుకే చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను సౌదీలో, హాయిల్ ఊళ్ళో, ఒక ఆస్పత్రిలో నర్సును. మేముండే క్వార్టర్సు ఒక కాంట్రాక్టరువి. ఆడవాళ్ళకొక బ్లాకు, మగవాళ్ళకొకటి. నీళ్ళ ట్యాంకులో పురుగులు, గోడల్లో షాకు. ఎవరికి చెప్పినా "బుక్రా" అనేవారు, అంటే రేపు. ఆ రేపు రాదు. గల్ఫ్ యుద్ధమప్పుడు విషవాయువు బాంబులు వేస్తారన్న భయంతో కాంట్రాక్టరు మనుషులు వచ్చి కిటికీలకు, వెంటిలేటర్లకు ప్లాస్టిక్ కప్పి గోధుమరంగు టేపు అంటించి వెళ్ళారు. యుద్ధం ఆగింది. టేపు తీయడానికి ఎవరూ రాలేదు.

అప్పుడు రాజమల్లు కదిలాడు. జగిత్యాల వైపు మనిషి, ఆస్పత్రి ఎలక్ట్రీషియన్. "ఇల్లు యాడ ఉరుస్తదో ఉండెటోనికెరుక, కట్టినోనికేం ఎరుక?" అని అందరినీ కూడగట్టాడు. సంఘం అనే మాట అక్కడ నోట రాకూడదు. కాబట్టి ఆస్పత్రి అడ్మినిస్ట్రేటరును ఒక్కటే అడిగాడు. నెలకోసారి మా గదులు మేమే చూసుకుంటాం, ఏది బాగుందో ఏది లేదో ఒక షీటు మీద రాసిస్తాం, దాన్ని బట్టి కాంట్రాక్టరు చేత పని చేయించండి అని. ఆయన ఒప్పుకున్నాడు. మగవాళ్ళ గదులు రాజమల్లు చూడాలి, ఆడవాళ్ళ గదులు నేను. షీటు ఒకటే, సంతకాలు రెండు. నన్నెందుకు ఎంచుకున్నాడంటే, నేను తారీకు వేయకుండా గుడ్డపీలిక కూడా దాచనని వార్డులో అందరూ నవ్వుకునేవాళ్ళు.

అతను పెట్టిన నియమం ఒక్కటే. "సిస్టరమ్మా, కండ్లతోటి జూడంది కాయితం మీద రాయొద్దు. గంతే."

మొదటి తనిఖీ ఆ గురువారం. కాంట్రాక్టరు తరఫున వార్డెన్ నా వెంట ఉంది. పన్నెండో గది సుశీలది. అమలాపురం పిల్ల, ఇరవై తొమ్మిదేళ్ళు. తోడుండే అమ్మాయి ఇండియా వెళ్ళి తిరిగి రాలేదు, గదిలో ఒక్కతే. లోపలి గోడకు వెంటిలేటరు, దాని ముందు చెక్క అర, అర మీద మూడు దేవుడి పటాలు, పైన తువ్వాలు. అక్కడ అలాంటివి బయటికి కనిపించకూడదు. తలుపు సందులోంచి సుశీల నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆవిడ చూసిందంటే మన పని అయిపోద్ది."

నేను వార్డెన్ వైపు తిరిగి, మీరు రాకముందే ఈ గది చూసేశానన్నాను. 'వెంటిలేటరు టేపు తీశారు, గాలి వస్తోంది' అన్న గడిలో టిక్కు పెట్టాను. టైము వేశాను.

తర్వాత ఒంటరిగా వెళ్ళి చూడొచ్చు కదా? నా తలుపు నుంచి ఆమె తలుపుకు పదకొండు అడుగులు. వెళ్ళాను కూడా. ఎన్నో శుక్రవారాలు ఆ పటాల ముందు చేతులు జోడించి నిలబడ్డాను. దేవుడి పటాన్ని పక్కకు జరిపి వెనక ఏముందో చూడటం నాకు తోచలేదు. తోచలేదా, తోచినా తప్పనిపించిందా? ఇప్పుడు తేల్చుకోలేను. మే నెలలో మళ్ళీ టిక్కు పెట్టాను. జూన్‌లో పెట్టాను. మొదటిదాన్ని వార్డెన్ ముఖం చూసి మరీ పెట్టాను. మిగతావాటికి తల కూడా ఎత్తలేదు. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

హాయిల్‌లో చలి ఎముకల్లోకి దిగుతుంది. సుశీల గది హీటరు పాడైందని అక్టోబరు షీటులో రాశాం, నవంబరులో రాశాం, డిసెంబరు పన్నెండున మూడోసారి రాశాం. కాంట్రాక్టరు బాగుచేయలేదు. డిసెంబరు పదిహేడు, మంగళవారం, ఆమె డ్యూటీ దిగి పొద్దున ఎనిమిదింటికి గదికి వచ్చింది. రేకు కుంపట్లో బొగ్గులు రాజేసుకుని, తలుపు వేసుకుని పడుకుంది. మధ్యాహ్నం రెండున్నరకు భోజనానికి పిలుద్దామని తలుపు తోశాను.

నాడి చూశాను. లేదు. కనుపాపలు చూశాను. ఒళ్ళు చల్లబడిపోయి ఉంది.

అరవాలి కదా? అరవలేదు. ముందు పటాలు తీశాను. ఎవరైనా వచ్చేలోపు దాచాలనే ఆలోచన తప్ప నా తలలో ఇంకేమీ లేదు. మూడో పటం తీయగానే వెనక గోధుమరంగు టేపు కనిపించింది. అంచులు కూడా లేవలేదు. కుంపటి విషగాలి బయటికి పోయే దారే లేదు. తొమ్మిది షీట్ల మీద నేను తీసేసిన టేపు. పటాలు దిండు గలేబులో చుట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎంతసేపో తెలియదు. నా జీవితంలో నేను టైము చూసుకోని ఘడియ అదొక్కటే.

మర్నాడు ఆఫీసుకు పిలిచారు. కాంట్రాక్టరు మనిషి మా షీట్లే బల్ల మీద పరిచాడు. గాలి వస్తోందని వీళ్ళే రాసిచ్చారు, ఇక మా తప్పేముందన్నాడు. అడ్మినిస్ట్రేటరు హిందీలో అడిగాడు, ఈ టిక్కు ఎవరు పెట్టారని.

"షీటు రాజమల్లు తయారు చేస్తాడు," అన్నాను. "ఆయన చూపించిన చోట నేను సంతకం పెడతాను."

రాజమల్లు నా వైపు తిరిగాడు. కోపం లేదు. అర్థం కానట్టు చూశాడు.

"సిస్టరమ్మా, ఆడోళ్ల రూములకు నేనెట్ల వోత?"

"నాకు తెలియదు," అన్నాను. నా వెంట తిరిగే వార్డెన్‌ను ఎవరూ పిలిచి అడగలేదు.

ఆడవాళ్ళ గదికి వెళ్ళి చూశానని అతనంటే అక్కడ నేరం. వెళ్ళకుండా రాశానంటే మోసం. అతనికి మూడో జవాబు లేదు. ఉన్న ఒక్క జవాబూ నా దగ్గరే ఉంది.  చివరికి "సరే తియ్" అన్నాడు, ఎవరితోనో తెలియదు. పదకొండో రోజున పాస్‌పోర్టు మీద, ఇక తిరిగి రానక్కర్లేదనే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టి అతన్ని ఇండియా పంపేశారు. తనిఖీలు మానేయమన్నారు.

పటాల సంగతి బయటపడితే మిగతా పిల్లలకు ముప్పని అబద్ధమాడాను, అని ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్నాను. ఈ మధ్య ఆ గలేబు ఉతుకుతుంటే చేతులు ఆగిపోయాయి. అడ్మినిస్ట్రేటరు అడిగేనాటికి పటాలు నా పెట్టెలో ఉన్నాయి. గదిలో దాచాల్సిందేమీ లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలుసు. మరి ఎవరి కోసం ఆడాను? నా కోసం. నన్ను అక్కడ ఉండనిచ్చే ఇకామా కాగితం కోసం, నిక్కచ్చి మనిషినన్న నా పేరు కోసం. ఇంత చిన్న లెక్క తేలడానికి ముప్పై ఏళ్ళు దాటాయంటే నమ్మగలరా? నేను నమ్మలేకపోతున్నాను.

రాజమల్లు ఉన్నాడో లేడో తెలియదు. వెతకలేదు. క్షమించమని అడిగే ముఖం లేదు. చెప్పాను, అంతే. చెప్పినందుకు ఈ పూట ఊపిరి కొంచెం లోపలిదాకా వెళుతోంది.

పోయినవి ఇవి. సుశీల, ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి. రాజమల్లు ఉద్యోగం, అతని మాట. ఇరవై నాలుగు గదుల వాళ్ళు తమ గోడలు తాము చూసుకునే హక్కు, తొమ్మిది నెలలు నిలిచింది. తొమ్మిది షీట్లు, వాటి మీద నేను పెట్టిన తొమ్మిది టిక్కులు. తీయని టేపు ఒకటి.