చొక్కాకు ఒక చెయ్యి తక్కువ

బట్టల డిజైన్ చదువుతున్నవాణ్ణి కాబట్టి భవిష్యత్తు నా చేతుల్లోనే ఉందని గట్టిగా నమ్ముతాను. ఈ రోజు పొద్దున మాత్రం అది పాలిథిన్ కవర్లో ఉంది. వేడి తగిలితే తెల్లబడి, చల్లారగానే మళ్ళీ నీలంగా మారే బట్ట. రేపు కాలేజీలో చూపించాల్సిన చొక్కా కుట్టమని మచ్చ బొల్లారంలో మా టైలర్ యాదగిరి కాకకు ఇచ్చాను. దాని మహిమ మాత్రం చెప్పలేదు. ఆశ్చర్యపరచడం కళాకారుడి హక్కు కదా.

సాయంత్రం నేను వెళ్ళేసరికి, చొక్కాకు ఇంకా అతకని ఎడమ చెయ్యి మీద ఆయన ఇస్త్రీపెట్టె పెట్టాడు. బట్టలో నీలం పోయింది. ఆయన ముఖంలో రంగూ పోయింది.

"బిడ్డా, నీ బట్ట కరాబ్ జేసిన," అన్నాడు మెల్లగా.

నేను నవ్వేలోపే నీలం తిరిగొచ్చింది. అప్పుడు సంగతి చెప్పాను. తిడతాడనుకుంటే తన ఎడమ చేతి వేళ్ళు చూపించాడు. అన్నీ కాలిన మచ్చలే.

"షుగరొచ్చినంక వేళ్ళకు వేడి తెలుస్తలేదురా. గీ బట్ట చేతికి తొడుక్కుంటే, తెల్లగైనప్పుడు చెయ్యి తీస్త గదా?"

"డ్యాన్స్ జేస్తే రంగు మారాలని తయారుజేసిన, కాకా."

"ఎగిరెటోనికి ఒళ్ళు వేడైతే వానికే తెలుస్తది. చొక్కా చెప్పాల్నా?"

నాలుగేళ్ళ చదువులో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. బట్టకు తెలివి నేర్పే హడావుడిలో, అది ఎవరికి కావాలో నేనూ అడగలేదు.

చొక్కా ఎడమ చెయ్యి బట్టతోనే అక్కడికక్కడ కాక చేతనే ఆయన వేళ్ళకు తొడుగు కుట్టించాను. రేపు చొక్కాకు రెండో చెయ్యి ఏదని కాలేజీలో మేడమ్ అడిగితే, మచ్చ బొల్లారంలో పనిలో ఉందని చెబుతాను. మార్కులు పడతాయంటారా?