నాకొచ్చిన ఒక్క స్పానిష్ ముక్క

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, జర్మనీలో ఇంగోల్‌స్టాట్ దగ్గర కార్ల వైరింగు తయారుచేసే ఫ్యాక్టరీకి నన్ను క్వాలిటీ విభాగాధిపతిగా వేశారు. వేసవి రాకముందే కస్టమరు నుంచి ఫిర్యాదు వచ్చింది. కనెక్టర్లు ఊడిపోతున్నాయట. ఇలాంటప్పుడు ఎనిమిది అంచెల రిపోర్టు పంపాలి. నాలుగో అంచె మూలకారణం. అది తెలియనప్పుడు ‘ఆపరేటరు పొరపాటు’ అని రాసేయడం మా వృత్తిలో పెద్దమనుషుల అలవాటు. ఫైలు మూతపడుతుంది, ఎవరూ కుర్చీలోంచి లేవనక్కర్లేదు.

ఆ కనెక్టర్లు బిగించిన ఆపరేటరు పిలార్, స్పెయిన్ నుంచి వచ్చిన తాత్కాలిక ఉద్యోగి. రిపోర్టులో ఆమె టేబుల్ నంబరు పడితే శుక్రవారంతో కాంట్రాక్టు ఆఖరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. ప్లాంట్ మేనేజరు బ్రాంట్ గారు ఆమెకు అరగంట టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇచ్చారు. అరగంటలో ఒక మనిషి ఉద్యోగం తేల్చేయగలనని ఆయన నమ్మకం. నాదీ అదే నమ్మకం.

మీటింగు ఇంగ్లీషులో. ఆమెకున్న కాస్త జర్మనూ కోపంలో ఎగిరిపోయింది. గబగబా స్పానిష్‌లో చెబుతూ మాటిమాటికీ చెవులు చూపించింది. మమ్మల్ని చెవిటివాళ్లంటోందని తేల్చుకున్నాను. పక్కనున్న ప్లానింగ్ ఇంజనీరు స్రవంతి, కరీంనగర్ అమ్మాయి, ఫోన్‌లో ఒక స్పానిష్ ముక్క వెతికి నా ముందుకు జరిపింది.

“సార్, గీ ఒక్క ముక్క అనుండ్రి, ఆమె ఆగుతది.”

“ఎస్కూచెమె, పొర్ ఫవోర్” అన్నాను. దయచేసి నా మాట వినండి అని. మూడోసారి బల్ల తట్టి మరీ అన్నాను. పిలార్ ఆగింది. చేతులు ఒళ్లో పెట్టుకుని నావైపు చూసింది. నిజంగానే వినడానికి సిద్ధపడింది. నా దగ్గర ఇంకో ముక్క లేదు. బ్రాంట్ గారు గడియారం చూసుకున్నారు.

ఆమె లేచి, జర్మన్‌లో “రండి” అని లైనువైపు నడిచింది. సిగ్గుకొద్దీ వెంట వెళ్లాను. ఆమె టేబుల్ ముందు గోడమీద రెండు కాగితాలున్నాయి. ఒకటి: కనెక్టరు నొక్కాక ‘క్లిక్’ శబ్దం చెవితో విన్న తర్వాతే వదలాలి. రెండోది, పక్కన కొత్త కంప్రెసర్ బిగించినప్పుడు అంటించింది: చెవుల్లో ప్లగ్గులు లేకుండా ఇక్కడ పనిచేయరాదు. రెండింటి కిందా సంతకం నాదే, నాలుగు రోజుల తేడాతో. పిలార్ మళ్లీ చెవులు చూపించింది, ఈసారి నెమ్మదిగా, ఒకటో తరగతి పిల్లవాడికి చూపించినట్టు.

మూలకారణం మార్చి రాస్తుంటే బ్రాంట్ గారు విభాగం పేరు చాలన్నారు. ఆపరేటరు తప్పయితే టేబుల్ నంబరుతో సహా రాసే మా కలానికి ఆఫీసరు తప్పనగానే ఎంత మర్యాదో. నా పేరే రాశాను. ఘనకార్యమేం కాదు, అది గోడమీద ఉండనే ఉంది. కంప్రెసర్‌ను అవతలి షెడ్డుకు మార్చారు. పిలార్ కాంట్రాక్టు పొడిగించారు.

ఆ తర్వాత నాలుగో అంచెను ఎప్పుడూ మీటింగు గదిలో రాయలేదు, పనిచేసేవాళ్ల పక్కన నిలబడే రాశాను. స్పానిష్‌లో ఇంకో మాట కూడా నేర్చుకున్నాను: “డీగమె”. చెప్పండి అని. నేర్చుకోవలసిన వరుసలో అదే ముందు.