ఫ్రెంచిలో అయితే అభ్యంతరం లేదు

మా ఫ్రెంచి సారు పోయారు. మొన్న పొద్దున ఆయన కూతురు ఫోను చేసింది. "నాయన పోయినాడన్నా. ఆస్పత్రిలో గూడా ఊరకుండలా. నర్సమ్మ మందుల పేర్లు తప్పు పలుకుతాందని ఆఖరి దాకా దిద్దుతానే ఉన్న్యాడు" అని ఏడుస్తూనే నవ్వింది. నేనూ అదే పని చేశాను. ఆయన గురించి నవ్వకుండా ఏడవడం ఆయన శిష్యులెవరికీ చేతకాదు.

ప్రొద్దుటూరులో ఫ్రెంచి సారేమిటని మీకు అనిపించవచ్చు. మాకూ అనిపించింది. బంగారు అంగళ్ళు, బట్టల కొట్లు, లారీల హారన్ల మధ్య మా కాలేజీ. మేడమీద చివరి గదిలో ఫ్రెంచి. ఇంగ్లీషు కాక ఇంకో భాష కూడా పాసైతేనే డిగ్రీ పట్టా ఇస్తామని నియమం. తెలుగు ఉంది, హిందీ ఉంది, ఏ పుణ్యాత్ముడు పెట్టించాడో గానీ ఫ్రెంచి కూడా ఉంది.

సారు పెండ్లిమర్రి దగ్గర ఒక పల్లెలో గొర్లు మేపే ఇంట్లో పుట్టారు. పాండిచ్చేరిలో బంధువుల పంచన ఉండి చదువుకుంటూ ఆ భాష పట్టుకున్నారు. ఎండాకాలం కూడా పొడుగు చేతుల చొక్కా, మెడ దాకా గుండీలు. ఫ్రెంచి మాట్లాడితే ముక్కులోంచి సన్నగా వచ్చేది. వరండాలో తిరుగుతున్న మమ్మల్ని గదిలోకి తోలాలంటే మాత్రం నాలుక మడిచి, గొర్లను అదిలించే కూత వేసేవారు. మేము బుద్ధిగా లోపలికి పోయేవాళ్ళం.

అవి ఫ్యాక్షన్ రోజులు. మా ఊరు జమ్మలమడుగు పక్కన. మా నాయన ఒక నాయకుడి మనిషి. మా కాలేజీలో రెండో భాషకు కూడా పార్టీలుండేవి. మా వర్గం పిల్లలంతా తెలుగు తీసుకుంటే, అవతలి వర్గం పిల్లలంతా హిందీ తీసుకునేవాళ్ళు. పల్లెలో ఏదైనా జరిగిందంటే చాలు, క్లాసు క్లాసంతా లేచి జీపులెక్కేది. మా అమ్మ ఇదంతా ఎవరి దగ్గరో విని, నన్ను వంటింట్లోకి పిలిచి, "ఏ పార్టీ వాళ్ళూ లేని బాస ఏదన్నా ఉంటే దాంట్లో చేరు నాయనా" అంది. నేను ఫ్రెంచిలో చేరాను. ఫారిన్ చదువని మా నాయన కూడా సంతోషించాడు.

చిక్కెక్కడ వచ్చిందంటే, పులివెందుల దారిలో ఉన్న ఒక పల్లెలో ఇంకో అమ్మకు కూడా సరిగ్గా ఇదే ఆలోచన వచ్చింది. ఆ అమ్మ భర్త, మా నాయన ఎదురెదురు వర్గాలు. రెండిళ్ళకూ మాటలు ఏనాడో తెగిపోయాయి. మొదటి రోజు నేను గదిలోకి పోయేసరికి ఆమె కొడుకు వెనక గోడకు వీపు ఆనించి ఒక మూల కూర్చుని ఉన్నాడు. వాకిలికి వీపు పెట్టి కూర్చోకూడదని మా ఇళ్ళల్లో నేర్పిస్తారు. నేను పోయి రెండో మూల కూర్చున్నాను. మధ్య బెంచీలన్నీ ఖాళీ. ముందు వరసలో మాత్రం బంగారు అంగళ్ళ వాళ్ళ ఆడపిల్లలు. సారు వాళ్ళను దాటి రెండు మూలలకూ వినపడేలా పాఠం చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్నారు. బయట వరండాలో మా మనిషి ఒకడు, వాళ్ళ మనిషి ఒకడు కాపలా. మేమంతా ఒక్కసారి గట్టిగా వల్లె వేసిన రోజు ఇద్దరూ ఉలిక్కిపడి, చొక్కాల కింద చేతులు పెట్టుకుని లోపలికి దూకారు. సారు వాళ్ళను కూర్చోబెట్టి ఫ్రెంచిలో నమస్కారం చెప్పడం నేర్పించి పంపారు.

"ఈ గదిలో తెలుగు ల్యా. తెలుగు లేదంటే తగాదా గూడా ల్యా" అనేవారు సారు. ఆ మాట మాకు ఊరికే చెప్తున్నారనుకున్నాం.

ఆఖరి సంవత్సరం నోటి పరీక్ష. బయటినుంచి వచ్చే పరీక్షాధికారి ముందు ఇద్దరిద్దరు ఫ్రెంచిలో మాట్లాడుకోవాలి. జతలు హాల్ టికెట్టు నంబర్ల వరస. నా పక్క నంబరు అతనిది. మార్చడం కుదరదని తేల్చేశారు. ఇందులో పోతే పట్టా లేదు. పట్టా లేకపోతే నా పని ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు. మా నాయన జీపులో వెనక సీటు అప్పటికే ఖాళీగా ఉంది. అందులో కూర్చునే మా చిన్నాయన ఆ ఏడే ఫ్యాక్షన్ గొడవల్లో పోయాడు. అమ్మ అన్నం తినడం తగ్గించింది.

సారు బస్సెక్కి మా ఊరికి వచ్చారు. మా నాయన మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, "నా కొడుకు ఆ ఇంటి పిల్లోనితో మాట్లాడేది జరగదు సార్. ఇంకేందన్నా అడుగు" అన్నాడు.

"మీరు మాటలు మానుకునింది ఏ బాసలోప్పా?" అన్నారు సారు.

"అదేంది సార్? తెలుగులోనే."

"మరి ఫ్రెంచిలో మీకూ వాళ్ళకూ ఎప్పుడన్నా తగాదా అయిందా?"

 ఇది తాను ఒక్కడే తేల్చే విషయం కాదని మా నాయన పెద్దలను పిలిపించాడు. పంచాయితీ కూర్చుంది. "వాడు ఫ్రెంచిలో తిడితే మనకెట్ల తెలుస్తాది?" అని ఒక పెద్దాయన అడిగాడు. ఫ్రెంచిలో తిట్లు లేవని సారు చెప్పారు. అది పచ్చి అబద్ధమని నాకు తర్వాత తెలిసింది. "తిట్లు ల్యాని బాసలో ఎట్ల బతుకుతాండారు సార్, పాపం" అని పెద్దాయన జాలిపడ్డాడు. చివరికి ఫ్రెంచిలో అయితే అభ్యంతరం లేదని తీర్పు చెప్పారు. ఒకటే షరతు. నేను ముందు పలకరించకూడదు. ముందు పలకరించినవాడు తగ్గినట్టు లెక్క.

సారు మర్నాడు ఇంకో బస్సెక్కి వాళ్ళ ఊరికి పోయారు. అక్కడా మజ్జిగ ఇచ్చారు, అక్కడా పంచాయితీ కూర్చుంది, అక్కడా అదే షరతు పెట్టారు.

ఎవరూ ముందు పలకరించకుండా ఇద్దరు మాట్లాడుకోవడం ఎట్లా? సారే ఉపాయం కనిపెట్టారు. ఆయన జేబురుమాలు కింద పడేస్తారు. అది నేలను తాకగానే ఇద్దరం ఒక్కసారిగా నమస్కారం చెప్పాలి. వారం పొడుగునా రుమాలు పడేస్తూ మాతో సాధన చేయించారు. ఇద్దరం రుమాలును తప్ప ఒకరినొకరం చూసుకోలేదు.

పరీక్ష రోజు రెండు జీపులొచ్చాయి. తండ్రులిద్దరూ వరండాకు ఆ చివరొకరు, ఈ చివరొకరు. మమ్మల్ని లోపలికి పిలిచాక, పాఠం చెప్పిన మాస్టరు గదిలో ఉండకూడదని పరీక్షాధికారి మా సారును బయటికి పంపి తలుపు వేశాడు.

మొదలుపెట్టమన్నాడు. ఇద్దరం గమ్మున ఉన్నాం. మళ్ళీ అడిగాడు.  వెనక సీటు గుర్తొచ్చింది, అమ్మ గుర్తొచ్చింది. అయినా ముందు పలకరించి తగ్గేదెట్లా? పరీక్షాధికారి కలం మూత తీశాడు.

అప్పుడు కిటికీలో సారు తల కనపడింది. మా ఇద్దరికీ కనపడేలా రుమాలు పైకెత్తి వదిలారు. అది నేల చేరకముందే మా కాపలా మనిషి ఠక్కున పట్టి, దులిపి, వినయంగా సారు చేతికిచ్చాడు. సారు మళ్ళీ పడేశారు. ఈసారి అవతలి మనిషి తానేం తక్కువ తిన్నానా అన్నట్టు వంగి అందుకున్నాడు. మూడోసారి ఇద్దరూ ఒకేసారి వంగి తలలు ఢీకొట్టుకున్నారు. సారు నెత్తి పట్టుకున్నారు.

నాకు నవ్వు వచ్చేసింది. అతనికీ వచ్చింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకుంటూ పగలబడి నవ్వాం. ఆ నవ్వులోనే ఇద్దరి నోటా ఒకేసారి నమస్కారం వచ్చేసింది.

ఆ తర్వాత పుస్తకంలో ఉన్న కాఫీ హోటలు సంభాషణ గడగడా చెప్పేశాం. పరీక్షాధికారి అంతటితో వదలకుండా, బట్టీ పట్టింది చాలు, ఇళ్ళ సంగతి ఒకరినొకరు అడగండి అన్నాడు. అతను తడుముకుని, మీ అమ్మ బాగున్నారా అన్నాడు. బాగుంది, నేను వచ్చేదాకా రోజూ వాకిట్లో నిలబడి ఉంటుంది అన్నాను. వచ్చిన ఫ్రెంచి అంతే. మా అమ్మ కూడా అన్నాడు అతను.

బయట మా నాయన "ఏమంటాండారు సార్?" అని అడిగాడట. "కాఫీ రేటు శానా ఎక్కువైందంటాండారప్పా" అన్నారట సారు. "దానికి నువ్వెందుకు సార్ కండ్లు తుడుచుకుంటాండావు?" అంటే, "ఫ్రెంచి అట్లాంటిదిలేప్పా" అన్నారట.

పాసయ్యాం. నేను ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలో గుమస్తానయ్యాను. అతను ప్రొద్దుటూరులోనే ఒక బ్యాంకులో చేరాడు. జీపు వెనక సీట్లో మేమిద్దరం కూర్చోలేదు. మా ఇద్దరి అమ్మలకూ అన్నం సయించిందంటే అది సారు పుణ్యమే. కొన్నేళ్ళకు మా నాయన, వాళ్ళ నాయన ఒకే పార్టీలో చేరి ఒకే వేదిక మీద దండలు వేయించుకున్నారు. మేము మాత్రం బజారులో ఎదురుపడితే ఫ్రెంచిలోనే వాన సంగతో బస్సు సంగతో మాట్లాడుకుని విడిపోయేవాళ్ళం. తెలుగు ఎక్కడ మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియలేదు. మా ఆడవాళ్ళు మమ్మల్ని పిచ్చివాళ్ళ కింద జమ కట్టారు.

సారును వాళ్ళ పల్లె చేలోనే పూడ్చారు. అతను వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఏదైనా అనాలి కదా అని ఇద్దరం వెతుక్కున్నాం. సారు మాకు హోటలు నేర్పారు, స్టేషను నేర్పారు, వాన నేర్పారు. మనిషి పోతే ఏమనాలో ఆ పుస్తకంలో లేదు.

"రాప్పా. మనం గూడా మన్నేద్దాం" అన్నాడు అతను. తెలుగులో, నాకన్నా ముందు.

వేశాం. వానకు తడిసిన మట్టి అరచేతులకు అంటుకుంది. బోరు దగ్గర సారు తమ్ముడు చెంబుతో నీళ్ళు పోస్తుంటే ఇద్దరం చేతులు చాపాం. నా చేతుల మీదుగా జారిన మట్టినీళ్ళు కిందనున్న అతని చేతుల్లో పడుతున్నాయి. అతను చేతులు పక్కకు తీయలేదు.