తప్పు నెత్తినేసుకునే సాయిబు

మే నెల, శనివారం, చిత్తూరు. హాజరైనవారు: షెడ్డు యజమాని సాయిబు, రేణిగుంట వర్క్‌షాపు యజమాని, తమిళనాడులోని రాణిపేట వర్క్‌షాపు యజమాని, ఆయన వెంట ఇంజినీరమ్మ, మినిట్స్ రాయడానికి నేను.

సముద్రంలో నిలబెట్టే గాలిమర స్తంభాలకు పెద్ద ఇనుప రింగులు కావాలి. ఒక్క ఊరి వల్ల కాని పని గనుక ముగ్గురూ కలిశారు. కింది రింగు రేణిగుంటది, పైది రాణిపేటది, బిగింపు సాయిబు షెడ్డులో. నమూనా కుదిరితేనే ఆర్డరు.

మధ్యాహ్నం ఒకదానిపై ఒకటి పెడితే బోల్టులు దిగలేదు.

“మీ కొలతే తప్పు,” అన్నాడు రేణిగుంటాయన.

“అయితే మా రింగు లారీకెత్తండి. మీ పొత్తూ వద్దు, ఆర్డరూ వద్దు,” అన్నాడు రాణిపేటాయన.

సాయిబు రెండు చేతులూ పైకెత్తాడు. “తప్పు నాదే అనుకోండప్పా. ముందు నన్ను తిట్టేసి, తర్వాత కారణం ఎతకండి.”

ఏ గొడవలోనైనా ఆయన మొదటి మాట అదే. చేయని తప్పు ఎందుకు ఒప్పుకుంటాడో నాకు అర్థమయ్యేది కాదు.

ఆయన్ని తిట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. ఇంజినీరమ్మ రెండు రింగులనూ తాకి చూసింది.

“పై రింగు కాల్తా ఉండాది, కిందిది సల్లగా ఉండాది. పైదాన్ని ఎండలో పెట్టిందెవురు?”

“నేనేమ్మా,” అన్నాడు సాయిబు. “లోపల జాగా లేక బయట దించినాను.”

ఎండ వేడికి ఆ రింగు ఇనుము కాస్త సాగి బోల్టు రంధ్రాలు కలవలేదు, అంతే. “సూసినారా, ఈసారి నిజంగానే నాదే!” అని సాయిబు పగలబడి నవ్వాడు. రేణిగుంటాయనకూ నవ్వు ఆగలేదు.

రెండు రింగులనూ షెడ్డు నీడలోనే వదిలేశారు. మర్నాడు ఉదయం బోల్టులన్నీ చేత్తో నెడితే దిగాయి. రాణిపేటాయన లారీ డ్రైవరును పిలిచి, “మన రింగు ఈడే ఉంటాది. నువ్వు ఖాళీ బండితో పోప్పా,” అన్నాడు.