పిట్టలు లేని బోటు

ఉదయం ఆరున్నరకే డెక్ మీద అరికాలు ఆనించలేని వేడి. గల్ఫ్‌లో నన్ను దింపింది యుద్ధనౌక మీద కాదు, చేపల ట్రాలర్ మీద. అమెరికన్ నేవీ దాన్ని అద్దెకు తీసుకుంది. వలల కింద మెషిన్‌గన్, కప్పు మీద కెమెరా. ఆర్డర్ ఒక్కటే: చేపలు పడుతున్నట్టు తిరగాలి, ఓడల్ని పేల్చే మైన్లు నీళ్ళలో వదిలే పడవ కనబడితే దూరంగా ఉన్న మా ఓడకు రేడియోలో చెప్పాలి.

నేవీ మనుషులం ఇద్దరం, నేనూ గన్నరూ. పెత్తనం నాది. బోటు నడిపే డ్రైవర్‌ది శ్రీకాకుళం తీరం. నాకు తెలుగు వచ్చని అక్కడ వేశారు. అమెరికాలో, ఆష్‌బర్న్‌లో పెరిగిన తెలుగు నాది. ఆయన మాటలు సగం అర్థమయ్యేవి కావు.

ఆయన చేపల్ని డెక్ మీదే కోసి పేగులు నీళ్ళలోకి విసిరేవాడు. వెనక వందల పిట్టలు. కెమెరా అద్దం నిండా రెట్టలు. నాలుగో రోజుకి నాకు ఒళ్ళు మండింది.

"స్టాప్ చేయండి. కెమెరాలో ఏమీ కనబడట్లేదు."

"పిట్టలు నేకపోతే చేపల బోటని ఎవులు నమ్ముతారు బాబూ?"

"మిమ్మల్ని అడగలేదు. ఇది ఆర్డర్."

ఆయన కత్తి కడిగి లోపల పెట్టేశాడు. ఆ తర్వాత నాతో మాటల్లేవు. నిజం చెప్తున్నా, ప్రాణానికి హాయిగా అనిపించింది.

రెండు రోజులకు, పదకొండు ఇరవైకి, ఒక స్పీడ్‌బోటు మా వెనక ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోయింది. వాళ్ళ రేడియో మాటను మా ఓడ విని, అర్థం చెప్పింది: "వెనక ఒక్క పక్షి లేదు. వీళ్ళు సైనికులు."

గన్నర్ నావైపు చూశాడు. "ఆ రోజు డ్రైవర్ పెద్దాయన నీతో అన్నది ఇదేనా?"

బోటును మా ఓడ వైపు తిప్పమన్నాను. వెంటనే వెనక్కి తిరిగాం. ట్రాలర్ కదా, సైకిల్ కంటే నెమ్మది. పన్నెండు కాకముందే స్పీడ్‌బోటు తిరిగొచ్చి డ్రైవర్ గది మీద కాల్చింది. మా గన్నర్ దాన్ని ముంచేశాడు. ముంచితే ఏం లాభం?

డ్రైవర్ కడుపు అదుముకుని గోడకు ఆనుకున్నాడు. చక్రం నేను పట్టుకున్నాను. నాకు బోటు నడపడం రాదు. రేడియోలో మా ఓడ, "నలభై నిమిషాలు. ఆపకుండా రండి," అంది.

"నన్ను తిట్టండి," అన్నాను.

"ఎడం పక్క ఇసక మేటుంది. కుడికి తిప్పు బాబూ."

ఓడ చేరేలోపే పోయాడు.

ఆష్‌బర్న్ వచ్చాక ఒక బర్త్‌డే పార్టీలో ఒక అంకుల్ అడిగాడు. "ఫిషింగ్ బోట్ మీద డ్యూటీ అంటే వెకేషనే కదా?" ప్లేటు అక్కడే పెట్టి వచ్చేశాను. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఆ రోజు బోటులో నేను చక్రం తప్పుగా తిప్పినప్పుడల్లా ఆయన నెత్తుటి చెయ్యి నా చేతిమీదకు వచ్చేది. గట్టిగా కూడా పట్టుకునేది కాదు. బోటును దారిలో పెట్టి, మళ్ళీ కడుపు మీదకు పోయేది.