అత్తమ్మ ఓడ ప్రయాణమూ నా రిస్కు లెక్కా

ఆ రోజుల్లో అంటే మరీ మా తాతల కాలం నాటి మాటేమీ కాదు. కరోనా వచ్చి, చేయాల్సిందంతా చేసి, పోతున్నానంటూనే గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ కదలని చుట్టంలా ఉండిపోయిన రోజులు. చిలకలగూడలో సిటీ బస్సెక్కి ఒకాయన దగ్గితే పక్క సీటు ఖాళీ అయ్యేది. ఆ సీటు మీద ఆశపడి ముందుకొచ్చినవాడు ఇంకో దగ్గు విని మళ్ళీ వెనక్కి నడిచేవాడు. కొందరి మాస్కు గడ్డం కింద, కొందరిది మోచేతికి. ఎవరికి వారే డాక్టర్లు. అయితే చాలాకాలం తర్వాత కలిసినవాళ్ళను "ఇంట్లో అందరూ బాగున్నారా" అని అడగడానికి మాత్రం అందరికీ జంకే. ఆ మామూలు మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఇప్పుడు తలుచుకుంటే అదంతా మనమేనా అనిపిస్తుంది. మనమే. అందులో నేనూ ఉన్నాను, అదీ ఒక నిపుణుడి హోదాలో.

చదువు ముగించి అప్పుడే ఒక బీమా కంపెనీలో చేరాను. ఉద్యోగం రిస్కు విభాగంలో. నేను చేసే పని గోదాముల్లో నిప్పంటుకునే ప్రమాదం ఎంతో అంచనా కట్టడం. దూది గోదామైతే ఒక రకం, సిమెంటు గోదామైతే ఒక రకం, పక్కన టపాకాయల దుకాణం ఉంటే దండం పెట్టి వచ్చేయడం. ఆఫీసు ఇంకా తెరవలేదు కాబట్టి ఈ మహాకార్యమంతా మా ఇంటి ముందు గదిలో, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో సాగేది. రిస్కు అన్న మాట చెవిన పడేసరికి మా నాన్న నన్ను చుట్టాలందరికీ రిస్కు ఆఫీసర్ అని పరిచయం చేశాడు. ఇక అందరూ నన్నే అడిగేవారు: పెళ్ళికి పోవచ్చా, తిరుపతి పోవచ్చా, బయట దోసె తినొచ్చా. నేను కళ్ళు చిట్లించి, కాసేపు పైకి చూసి, తీర్పు చెప్పేవాణ్ణి. గోదాముకూ మనిషికీ ఉన్న తేడా నన్ను అప్పట్లో పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. (ఆ వయసులో ఇబ్బంది పెట్టాల్సినవి ఏవీ పెట్టవు.)

మా మేనత్త, నాన్నకు అక్క, మల్కాజ్‌గిరిలో ఉండేది. మేం అత్తమ్మ అంటాం. బడిలో భూగోళం చెప్పి రిటైరయింది. సెకండ్ వేవ్‌లో ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండి, తిరిగొస్తుందో రాదో తెలియని స్థితి నుంచి ఇంటికొచ్చింది. వచ్చాక కూడా రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. చేతిసంచిలో ఇన్‌హేలర్ ఎప్పుడూ ఉండేది. మామయ్య రైల్వేలో సిగ్నళ్ళ పని చేసిన మనిషి. పచ్చ దీపం కళ్ళారా చూసేదాకా దేన్నయినా ఎర్ర దీపంగానే భావించాలన్నది ఆయన ఉద్యోగ ధర్మం. కరోనా వచ్చాక అదే జీవిత ధర్మమైంది. పాల ప్యాకెట్టుకు సబ్బు స్నానం, కూరగాయలకు ఉప్పునీళ్ళు, పొద్దున్నే పేపరుకు ఇస్త్రీ. మంగలి షాపు వైపు చూడటం కూడా మానేశారు. అత్తమ్మే కుట్టుమిషన్ కత్తెరతో ఆయన జుట్టు కత్తిరించేది. ఒక చెవి మీద ఒక తీరు, రెండో చెవి మీద ఇంకో తీరు. మేం దాని గురించి మాట్లాడేవాళ్ళం కాదు.

అలాంటి ఇంట్లో ఒక ఆదివారం, అందరం భోజనానికి కూర్చున్నప్పుడు, అత్తమ్మ పప్పు వడ్డిస్తూ ఒక మాట అంది. చెన్నై నుంచి ఓడలు మళ్ళీ తిరుగుతున్నాయట, సముద్రం నడుమ దాకా పోయి తిరిగి వస్తాయట, తాను పోతుందట. అడగడం కాదు, చెప్పడం. ఓడ అంటే కొన్నాళ్ళ క్రితం టీవీల్లో చూసిన బొమ్మే మాకందరికీ గుర్తు: జ్వరంతో ఉన్న మనుషులను దిగనివ్వక, రేవు దగ్గరే నిలబెట్టేసిన ఓడ. మామయ్య ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపారు.

"ఎక్కిన కాడ్నే దిగేదానికి అంత దూరం పోవుడెందుకు?" అన్నారు.

అంతే, ఆ తర్వాత ఆయన వాదించలేదు. వాదిస్తే బాగుండేది. తిండి తగ్గించారు, మాట తగ్గించారు. కొన్నాళ్ళకు అత్తమ్మ కూడా అలాగే తయారైంది. ఇద్దరూ ఒకే ఇంట్లో రెండు స్టేషన్లలా ఉన్నారని విని నాన్న నన్ను పిలిచాడు. రిస్కు లెక్కలు వేసేటోనివి కదా, పోయి ఒక లెక్క చెప్పిరా, ఎటన్నా ఒక దిక్కు తేలుతుంది అన్నాడు. నేను లాప్‌టాప్ సంచి తగిలించుకుని సికింద్రాబాద్‌లో లోకల్ ట్రైన్ ఎక్కాను. కేసు గెలవడానికి పోతున్న వకీలులా ఉంది నా నడక.

వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి, ఇద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. వయసుకు ఒక గడి, ఊపిరితిత్తులకు ఒక గడి, వ్యాక్సిన్‌కు ఒకటి, ఏసీ హాలులో గుంపుకు ఒకటి. (దూది గోదాము లెక్కలోనే పేర్లు మార్చానని వాళ్ళకు తెలియదు.) చివర్లో గొంతు సవరించుకుని, రిస్కు మీడియం అని ప్రకటించాను. మీడియం అంటే పోవచ్చా పోవద్దా అని మామయ్య అడిగారు. అది మీరే నిర్ణయించుకోవాలి, మేం రిస్కు వరకే చెబుతాం అన్నాను. అత్తమ్మ నవ్వు ఆపుకుంటూ చాయ్ పెట్టడానికి లేచి వెళ్ళింది. మామయ్య నవ్వలేదు. స్క్రీను వైపు కొంచెం వంగి, వంటింట్లోకి వినపడకుండా, చాలా మెల్లగా అడిగారు.

"సముద్రం నడుమ ఆమెకు శ్వాస ఆడకపోతే నేనేం చెయ్యాలె? అది ఏ గడిల పెట్టినవ్ బిడ్డా?"

నా దగ్గర ఆ గడి లేదు. లాప్‌టాప్ మూసేశాను, ఛార్జింగ్ అయిపోయిందని చెప్పి.

తిరిగి వచ్చేటప్పుడు అత్తమ్మ స్టేషన్ దాకా నాతో నడిచింది. మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంది. అక్కడే ప్రహరీ గోడ పట్టుకుని నిలబడి, అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది.

"ఆయనకు భయం, నాకు లేదనుకుంటున్నవా? నాకు సుత ఉన్నది. దవాఖానల నన్ను బోర్ల పండబెట్టిండ్రు. దిమాక్ పని చేస్తున్నదా లేదా అని నాలో నేనే మహాసముద్రాల పేర్లు చదువుకునేదాన్ని. ఒక దినం ఆఖరిది యాదికి రాలే. ఎన్ని ఏండ్లు చెప్పిన పిల్లలకు! శ్వాస అందనప్పటికన్న గప్పుడే ఎక్కువ భయమైంది నాకు. బయటపడితే అండ్ల ఒక్క సముద్రం నడుమకన్న పోయి చూడాలె అనుకున్న."

బంగాళాఖాతం మహాసముద్రం కాదు కదా అత్తమ్మా అన్నాను. (నా తెలివి అప్పట్లో ఇలాంటి చోట్లే బయటపడేది.) ఆమె క్లాసులో నిలబెట్టినట్టు నన్ను చూసి, అది హిందూ మహాసముద్రంలో భాగమేనని చెప్పింది. ట్రైన్ వచ్చింది. నేను ఎక్కి కూర్చున్నాక కూడా ఆమె ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంది.

ఆ వారమే నేనే పట్టుబట్టి ఇద్దరినీ అత్తమ్మకు వైద్యం చేసే ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. పోవద్దని ఒక్క మాట చెప్పమని మామయ్య ఆమెను ముందే వేడుకున్నారు. ఆవిడ అత్తమ్మ చేత గట్టిగా ఊదించి, పాత రిపోర్టులు చూసి, తొందర లేకుండా మాట్లాడింది. ప్రమాదం లేదని తాను చెప్పలేనంది. ఇంట్లో ఉంటే లేదని కూడా చెప్పలేనంది. బూస్టర్ అయింది, ఊపిరి ముందుకన్నా మెరుగు. పోతే పైన గాలి తగిలేచోట గడపండి, మూసిన హాళ్ళలో గుంపులో కూర్చోకండి, ఓడ మీద డాక్టరు ఉంటాడు కానీ ఆసుపత్రి ఉండదు, అది తెలిసే వెళ్ళండి. పోవాలా వద్దా అన్నది మాత్రం చెప్పలేదు. బయటికొచ్చాక మామయ్య ఆటోల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఒక ఆటో వచ్చి ఆగినా ఎక్కలేదు. చివరికి నా వైపు తిరిగి, "ముగ్గురికి తియ్యి. నేను సుత వస్త. నువ్వూ రావాలె," అన్నారు.  ఆయన చేతిలోని మందుల సంచి అత్తమ్మ తీసుకుంది.

తర్వాత ఆ ఇంట్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. మామయ్య సంచి నిండా మాస్కులు, ఆక్సిజన్ చూసే చిన్న మిషన్, దానికి తోడు ఇంకో మిషన్. ఇంత సిద్ధపడ్డాక అద్దంలో తనను తాను చూసుకున్నారో ఏమో, పెద్ద ఓడ మీదికి ఈ రెండు తీర్ల జుట్టుతో రానన్నారు. కరోనా వచ్చినప్పటి నుంచి మొదటిసారి, రెండు మాస్కులు కట్టుకుని, సెలూన్‌కు పోయి జుట్టు కత్తిరించుకున్నారు. చాలా బాగా కుదిరింది. ఫోటో తీసి మాకు పంపారు. ఆ ఫోటో కింద మేం పెట్టిన పొగడ్తలు ఇంకా వస్తుండగానే ఆయనకు జ్వరం తగిలింది. పరీక్ష చేస్తే కరోనా. ఎక్కడ అంటిందో ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం చివరిదాకా సెలూన్ అనే అన్నారు.

ప్రయాణం దగ్గరికొచ్చేసింది. ఆయన పడకగదిలో తలుపేసుకున్నారు. అత్తమ్మను వెంటనే చిలకలగూడలోని మా ఇంటికి తీసుకురమ్మని నాన్న, క్యారియర్ కట్టిచ్చి అమ్మ, నన్ను పంపారు. వెళ్ళేసరికి ఆమె మాస్కుతో హాల్లో, కిటికీలన్నీ తెరిచిపెట్టి, ఆ మూసిన తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని ఉంది. తనకు పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. నేను గుమ్మం బయటే నిలబడి, అక్కడికక్కడే లెక్క తిరగేశాను. ఇప్పుడు ఈ ఇంటికన్నా ఓడే నయమని, ఆమె బయలుదేరడమే మంచిదని, తలుపు అవతలికి కూడా వినపడేలా చెప్పాను. నా జీవితంలో మొదటిసారి నా లెక్క ఒక స్పష్టమైన సమాధానం ఇచ్చిందని నాకు లోపల ఎక్కడో సంతోషంగా కూడా ఉంది.

లోపలి నుంచి దగ్గు, తర్వాత మామయ్య గొంతు. "వాడు చెప్పేది నిజమే. నువ్వు పో. వాణ్ణి తోల్కొని పో. ఈడ ఉంటే నీకు అంటుతది."

 అత్తమ్మ చీర కొంగు సర్దుకుంది.

"నాకు అంటిందో లేదో ఇంక ఎవరికి తెలుసు? రేపు బయటపడొచ్చు. ఆ ఓడల నా అసొంటోళ్ళు ఎందరుంటరో. ఆళ్ళకు నేను తీస్కపోయి ఇయ్యాల్నా?"

లోపల మళ్ళీ దగ్గు వినిపించింది.

"అయినా నేను దవాఖానల ఉన్నప్పుడు మీరు బయట కూసున్నరు. ఇంటికి పొమ్మని ఫోన్ల చెప్పలేదా నేను?"

"చెప్పినవ్."

"పోయిండ్రా?"

 ఆసుపత్రి గేటు ఎదురుగా, రేకుల షెడ్డు కింద, లోపలికి రానివ్వకపోయినా కదలకుండా మామయ్య కూర్చున్న సంగతి నాన్న నాకు ఎప్పుడో చెప్పాడు. ఆయన దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడలేదు. నేను క్యారియర్ గుమ్మం లోపల పెట్టి, మెట్లు దిగి వచ్చేశాను. ఏమీ మాట్లాడకుండా ఒక చోటి నుంచి రావడం నాకు తెలిసి అదే మొదలు.

ఆయనకు తేలిగ్గానే తగ్గింది. ఆమెకు ఎందుకో అంటనే లేదు. (అంత దగ్గరగా ఉండి ఎలా అంటలేదో ఏ లెక్కా చెప్పలేదు.) తలుపు ముందు స్టూలు మీద ఆమె చాయ్ పెట్టి దూరం జరిగేది, ఆయన తలుపు తీసి తీసుకునేవారు. ఆక్సిజన్ ఎంతుందని ఆమె అడిగితే బాగానే ఉందనేవారు. బాగా అనేది నంబరు కాదని ఈమె. ఒకప్పటి ఆ రెండు స్టేషన్ల మధ్య రాకపోకలు మళ్ళీ మొదలైనట్టు, ఆ తలుపు గుండా వాళ్ళు అంతకుముందు ఎన్నడూ మాట్లాడుకోనన్ని మాటలు మాట్లాడుకున్నారని తర్వాత అత్తమ్మే చెప్పింది. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు.

ఆ సారి టికెట్లు వదులుకున్నాం. ఆ సీజనుకు ఆగిపోయిన ఓడలు మళ్ళీ మొదలయ్యాక ముగ్గురం వెళ్ళాం. ఈసారి నన్నెవరూ లెక్క అడగలేదు. రేవు దాటి గంటయిందో లేదో, నాకు కడుపులో తిప్పడం మొదలైంది. సముద్రపు వాంతులు అనేవి ఉంటాయని నేను ఏ గడిలోనూ పెట్టుకోలేదు. కరోనా నుంచి కాపాడటానికి వెంట వచ్చిన రిస్కు ఆఫీసరు కేబిన్‌లో బకెట్ పట్టుకుని పడుకున్నాడు. మామయ్య వచ్చి నిమ్మకాయ కోసి నా ముక్కు దగ్గర పెట్టి, పక్కన కూర్చున్నారు. అత్తమ్మ ఏదని అడిగాను. పైన నిలబడింది, కిందికి రానంటున్నదని చెప్పారు. ఆయాసం ఉందా అని అడిగాను. ఆయన నిమ్మకాయ ముక్క మార్చి, "నేను అడుగలే," అన్నారు. తర్వాత జెర సేపు పోయొస్తానని లేచి, తలుపు దగ్గర ఆగి, నీళ్ళ సీసా నా చేతికందేలా జరిపి, పైకి వెళ్ళిపోయారు. చాలాసేపు రాలేదు.

చివరి రోజు సాయంత్రం నేను గోడలు పట్టుకుని పైకెక్కాను. ఎటు చూసినా నీళ్ళే. వాళ్ళిద్దరూ ఓడ అంచున కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నారు. మామయ్య మాస్కు ఒక చెవికి వేలాడుతూ గాలికి కొట్టుకుంటోంది. ఆయనకు ఆ ధ్యాస లేదు. మాస్కు జారిందని చెప్పడానికి నోరు తెరిచాను. అది నా ఉద్యోగం కూడాను. అంతలో కడుపులో మళ్ళీ తిప్పి, నోరు మూసుకున్నాను. అప్పటి నేనైన ఆ కుర్రాడు జీవితంలో చెప్పకుండా మిగిల్చిన ఒకే ఒక్క సలహా అది, అదీ వాంతి భయంతో. తలుచుకున్నప్పుడల్లా వాడి మీద నాకు జాలీ నవ్వూ రెండూ వస్తాయి.