అన్నా అనని ఒకే ఒక్కడు

ఊరికే ఎవరూ ఎవరికీ మేలు చేయరని లోకంలో ఒక మాట ఉంది. ఆ మేలు ఆడమనిషి మగవాడికి చేసిందైతే ఆ మాటకు బలం మరీ ఎక్కువ. అడగకుండా అన్నం పెట్టిందంటే, అడగలేని మాటేదో ఆమె మనసులో ఉందని, దాన్ని గ్రహించవలసిన పూచీ మగవాడిదని చెబుతారు. చెప్పేవాళ్లంతా అనుభవజ్ఞుల్లాగే చెబుతారు గానీ, ఆ మాటను పరీక్షకు పెట్టినవాళ్లు తక్కువ. బలరాం పెట్టాడు.

బలరాంది ఏన్కూరు దగ్గర ఒక తండా. వయసు ముప్పై ఆరు. కొత్తగూడెం అవతల, అడవి అంచున ఉన్న ఒక భూగర్భ గనిలో పన్నెండేళ్లుగా పైకప్పుకు దన్నులు పెట్టే పని చేస్తున్నాడు. ఆ పనిలో మొదటి పాఠం తట్టడం. ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి, గట్టి శబ్దం వస్తేనే దాని కిందికి అడుగు పెట్టాలి. బోలుగా మోగితే వెనక్కి రావాలి. పన్నెండేళ్లలో ఒక్కనాడూ తట్టకుండా అడుగు వేయలేదని అతనికి పేరు. కుదిరిన సంబంధం ఒకటి ఎప్పుడో తప్పిపోయాక, పెళ్లి జోలికి మళ్లీ పోలేదు.

గనిలోకి దిగే ప్రతి మనిషీ ముందు లాంపు కేబిన్ కిటికీ దగ్గర తన టోకెను ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం అప్పగించి టోకెను వెనక్కి తీసుకోవాలి. కొక్కేనికి టోకెను వేలాడుతున్నంతసేపూ ఆ మనిషి భూమి లోపలే ఉన్నట్టు. నాలుగేళ్ల కిందట ఆ కిటికీ లోపలికి అరుణశ్రీ వచ్చింది. ఆమె పుట్టిల్లు ముదిగొండ. అదే గనిలో పనిచేసిన భర్త వాసు కామెర్లతో పోతే ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది.

మొదటి రోజు కిటికీ ముందు ఎనభై మంది మగవాళ్లు వరుసలో నిలబడ్డారు. సగం మందికి దీపం మీద కంటే దీపమిచ్చే చేతి మీద శ్రద్ధ ఎక్కువ. మధ్యాహ్నానికల్లా అరుణశ్రీ ఒక నిర్ణయానికి వచ్చింది. పై అధికారి సాంబమూర్తి ఆమెకు సారు. తక్కిన ప్రతి మగవాడూ, నిన్నగాక మొన్న చేరిన ఇరవై రెండేళ్లవాడు కూడా, అన్నే.

బలరాం ఒక్కడే మినహాయింపు. చార్జింగు నిలవని దీపాన్ని ఎలా పోల్చుకోవాలో మొదటి వారంలో ఆమెకు నేర్పింది అతనే. కిటికీకి రెండడుగుల దూరంలో నిలబడి నేర్పాడు, నేర్పి వెళ్లిపోయాడు. అతన్ని ఆమె పేరు పెట్టి పిలిచేది. మంచి దీపం ఒకటి అతని కోసం పక్కన ఉంచేది. ఒకసారి అతనికి జ్వరం వస్తే కూతురు లిఖితతో మూడు పూటలు జావ పంపింది.

వాళ్లిద్దరి మధ్య ఒక సీరియల్ కూడా ఉండేది. రోజూ రాత్రి ఎనిమిదింటికి వచ్చే హాస్య సీరియల్, పేరు ‘పై వాటా’. లిఖితకు పదో తరగతి కనుక అరుణశ్రీ ఇంట్లో టీవీ బంద్. అందుకని షిఫ్టు దిగాక అందరికంటే చివర దీపం అప్పగిస్తూ ముందురోజు కథ బలరామే చెప్పేవాడు, గొంతులు మార్చి మరీ.

“జల్దీ చెప్పు, లాంపులు చార్జింగుల పెట్టాలె. నిన్న ఏమైంది?”

“చంద్రం గులాబీ కొన్నడు.”

“అయ్యో పిచ్చోడా! ఆమె కూర ఇచ్చింది, గంతే గదా!”

“గదే మరి. కూరను కూర లెక్క తినాలె.”

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట అన్నది బలరామే. పై వాటాలో అద్దెకుండే చంద్రం, కింది వాటా ఆవిడ ఇచ్చే కూరగిన్నెలను ప్రేమలేఖలనుకుంటాడు. ప్రతిసారీ నవ్వులపాలవుతాడు. ఆ నవ్వుల్లో బలరాం నవ్వే పెద్దది.

గదిలో తోడుండే హాతీరాం ఒకనాడు టీవీ ముందే చురక అంటించాడు. “అరే బలరాం, ఈ సీరియల్ మన లాంపు కేబిన్ల తీస్తున్నరా ఏంది? అచ్చం నీ మొకమే!”

“పో రా. వానికి తలకాయ లేదు. ఆమె మొదటి దినం కెల్లి తమ్ముడూ తమ్ముడూ అంటనే ఉన్నది. చెవులుండి ఇనకపోతే తప్పెవలది?”

“మరి నీ చెవులకు ఏం ఇనబడ్డది?”

బలరాం టీవీ గొంతు తగ్గించాడు. “నన్ను అన్నా అనదు.”

హాతీరాం ఆలోచించాడు. “అవ్ రా. నన్నైతే దినాం రెండుసార్లు అంటది. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి.”

చంద్రాన్ని చూసి నేర్చుకోవలసింది ఒకటైతే, బలరాం నేర్చుకున్నది ఇంకొకటి. తన దగ్గర రుజువు ఉందనుకున్నాడు.

ఆ చలికాలం అతని తల్లి హేమ్లి చనిపోయింది. గని నుంచి జీపులో వచ్చినవాళ్లు గంటసేపు కూర్చుని వెళ్లిపోయారు. అరుణశ్రీ కూతుర్ని తీసుకుని, జూలూరుపాడులో బస్సు మారి, అక్కడి నుంచి ఆటోలో తండాకు వచ్చింది. తన భాష కాని భాషలో ఏడుస్తున్న ఆడవాళ్ల మధ్య పొద్దుగూకేదాకా కూర్చుంది.

“ఎవరురా ఆమె?” అని మేనమామ బిచ్యా అడిగాడు.

“మా గనిల పనిచేస్తది మామా.”

“గనిల పనిచేసేటోళ్లు మస్తుమంది వచ్చిండ్రు. కూసున్నది ఆమె ఒక్కతే.”

నెల మాసికం దాటాక బిచ్యా ఆమె మాట మళ్లీ ఎత్తి, సంబంధం అడుగుదామన్నాడు. బలరాం వద్దనలేదు. వాళ్ల తండాలో ఆడమనిషిని తనంత తానే వెళ్లి అడగడం మర్యాద కాదు. పెద్దల చేత బెల్లం, తమలపాకులు పంపించి అడిగించడమే ఆమెకు ఇచ్చే గౌరవం. ఒక ఆదివారం ఉదయం తెల్లటి తలపాగా చుట్టుకుని, మరో ఇద్దరు పెద్దలతో బిచ్యా కార్మికుల కాలనీకి వచ్చాడు. అది నల్లా వచ్చే వేళ. వరుస క్వార్టర్ల ఆడవాళ్లంతా బిందెలతో వాకిళ్లలో ఉన్నారు. అరుణశ్రీ ఇల్లెక్కడని వాళ్లనే అడిగి, ఎందుకొచ్చారో కూడా చెప్పాడు. ఆయన దృష్టిలో అది దాచవలసిన సంగతి కాదు.

అరుణశ్రీ వాళ్లను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. బెల్లం పొట్లం విప్పకుండానే తిరిగి చేతిలో పెట్టి, “నాకు గా ఆలోచన లేదు పెద్దాయనా, ఏమనుకోకుండ్రి” అంది.

మర్నాడు షిఫ్టు దిగాక బలరాం చివర దీపం అప్పగించాడు.

“ముందుగాల నన్నొక మాట అడగాలెనని అనిపియ్యలేదా?”

“మా దిక్కు పెద్దోళ్లే అడగాలె. నీకు మర్యాద జేసిననుకున్న.”

“చేసినవ్. నల్లా కాడ అందరికి తెల్సేటట్టు చేసినవ్. మా పిల్ల ఇయ్యాల బడికి పోనన్నది.”

“మరి నన్ను ఒక్కన్ని అన్నా అనవు గదా. గందుకే...”

అరుణశ్రీ దీపం తీసి చార్జింగు అరలో పెట్టింది.

“గా మాట నేను అడ్డం పెట్టుకునేది బలరాం. తలుపుకు గడియ పెట్టినట్టు. నీ కాడ గడియ అక్కర లేదనుకున్న. గంతే.” టోకెను తీసి కిటికీ చెక్క మీద ఉంచింది. “తీస్కో, అన్నా.”

బలరాం చెడ్డవాడు కాడు. అంతమాత్రాన అతని తప్పు తగ్గదు. రాతిని తట్టకుండా అడుగు వేయని మనిషి, ఒక మనిషి మనసు దగ్గరికి వచ్చేసరికి లోకం మాటను నమ్మి నడిచాడు. ఒక్క మాట అడిగి ఉంటే కాదని చెప్పేది. నవ్వి, మరునాడు మళ్లీ చంద్రం సంగతి అడిగేది. అతను పోగొట్టుకున్నది పెళ్లిని కాదు, అది ఎన్నడూ అతనిది కాదు. ఎనభై మంది మగవాళ్ల ముందు రోజంతా గడియ వేసుకుని కూర్చునే మనిషి, ఒక్కడి దగ్గర గడియ తీసి ఉంచింది. అదే ప్రేమకంటే అరుదైనదేమో. దాని విలువ అతనికి అది మూసుకున్నాకే తెలిసింది.

వరుసలో వేళాకోళాలు మొదలయ్యాయి. “చంద్రం వచ్చిండు, జరుగుండ్రి” అనేవారు. ఆ మాట తనకు తగిలితే బలరాం ఓర్చుకునేవాడు. కానీ కిటికీ లోపల తల వంచుకున్న మనిషి కూడా దాన్ని వింటోంది.

పది రోజులకు సాంబమూర్తి అతన్ని పక్కకు పిలిచాడు. “అరుణశ్రీ సెకండ్ షిఫ్టు అడుగుతుందయ్యా. రాత్రి పదకొండు దాకా డ్యూటీ. పరీక్షల ముంగట ఆ పిల్లనెవరు చూస్తరు?”

“కాగితం పైకి పంపిండ్రా సార్?”

“ఇంకా లేదు.”

“పంపకుండ్రి. నాది పంపుండ్రి.”

అక్కడే నిలబడి దరఖాస్తు రాశాడు. కారణం అన్నచోట ‘సొంత పని’ అని రాశాడు. ఆమెకు ఈ సంగతి చెప్పవద్దని సాంబమూర్తిని కోరాడు. ఆయన చెప్పాడో లేదో బలరాం అడగలేదు.

అప్పటి నుంచి అతను రెండో షిఫ్టులోనే ఉన్నాడు. మూడింటికి దిగి, పదకొండింటికి పైకి వస్తాడు. కిటికీలో ఇప్పుడు వేరే మనిషి ఉంటాడు. ఏ దీపం ఇస్తే అది తీసుకుని, వెలిగించి చూసుకుని లోపలికి వెళతాడు. షిఫ్టు మారే వేళ ఎప్పుడైనా గేటు దగ్గర అరుణశ్రీ ఎదురైతే, “బాగున్నవా అన్నా” అని ఆమె అడుగుతుంది. “బాగున్న అరుణమ్మా” అంటాడు. పేరు పెట్టి పిలవమని అతను అడగలేదు.